గాయం మాన్పేవాడూ వీరుడే!

ఇంటి కింద నేలమాళిగ. అందులో ఓ బల్ల. చుట్టూ నలుగురు కుర్రాళ్లు. బల్ల మీద కాగితాలు, బొమ్మలు, పాచికలు. గంటలు గడుస్తున్నా ఆట ఆగలేదు. కథ నడిపిస్తున్న కుర్రాడు గొంతు తగ్గించి, పెంచి, చివరికి రెండు తలల బొమ్మ ఒకదాన్ని ఠపీమని బల్ల మీద పెట్టాడు. రాక్షసరాజు డెమోగోర్గన్ వచ్చేశాడు! ఇప్పుడేం చేయాలి? వంతు విల్ అనే పిల్లాడిది. ముందు రక్షణ మంత్రం వేసుకోమని ఒక స్నేహితుడి సలహా. కాదు కాదు, నిప్పులముద్ద విసిరి వాణ్ని కాల్చిపారెయ్యమని ఇంకో స్నేహితుడి కేక.

విల్ నిప్పులముద్దే విసిరాడు. పాచిక మీద పదమూడుకు తగ్గకుండా పడితేనే అది పనిచేస్తుంది. విసిరిన ఊపుకి పాచిక బల్ల దాటి నేల మీదికి దొర్లిపోయింది. వెతికి చూస్తే... పడింది ఏడు!

2016లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన ‘స్ట్రేంజర్ థింగ్స్’ ధారావాహిక మొదటి భాగంలోని దృశ్యమిది. ఆ పిల్లలు ఆడుతున్న ఆట పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. ఇరవై ముఖాల పాచిక మీద పదమూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడే అవకాశం నూటికి నలభై పాళ్లే. అంటే గెలిచేదానికన్నా ఓడేదానికే ఎక్కువ వీలుంది. అయినా విల్ నిప్పునే నమ్ముకున్నాడు. ఎందుకంటే రాక్షసుణ్ని చంపినవాణ్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు. రక్షణ మంత్రం వేసినవాణ్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

సరిగ్గా ఈ ప్రశ్నే యాభై ఏళ్లకు పైగా ఆ ఆటను వెంటాడుతోంది.

బల్ల మీద ఓ కథ

1974లో అమెరికాలో పుట్టిందీ ఆట. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరివాడు గ్యారీ గైగాక్స్. పొరుగు రాష్ట్రం మిన్నెసోటాకు చెందినవాడు డేవ్ ఆర్నెసన్. బొమ్మ సైనికులతో యుద్ధాలాడే అలవాటున్న ఈ ఇద్దరూ కలిసి దీన్ని రూపొందించారు. మొదట అచ్చువేసింది వెయ్యి ప్రతులే. ఆ తరవాత ప్రపంచమంతా పాకింది.

చదరంగంలా దీనికి గళ్లబల్ల తప్పనిసరి కాదు. పేకాటలా గెలిచినవాడు, ఓడినవాడు అంటూ ఉండరు. నలుగురైదుగురు కూర్చుంటారు. వాళ్లలో ఒకరు ‘డంజన్ మాస్టర్’. అంటే సూత్రధారి. అడవి ఎలా ఉంది, గుహలో ఏం కదిలింది, కాపలావాడు ఏమన్నాడు... ఇవన్నీ ఆయనే చెబుతాడు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. తన పాత్ర ఏం చేస్తుందో ఎవరికి వారు చెబుతారు. అది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. ఒకే కథ వారం వారం నెలలపాటు, ఒక్కోసారి ఏళ్లపాటు సాగుతుంది. అన్నాళ్లూ పెంచుకున్న పాత్ర ఒక్క పోరులో చచ్చిపోవచ్చు కూడా. అందుకే పాచిక దొర్లుతుంటే బల్ల చుట్టూ ఊపిరి బిగబడుతుంది.

కొత్తగా ఓ బృందం ఆటకు కూర్చుందనుకుందాం. పాత్రలు ఎంచుకునే వేళ. ‘నేను గొడ్డలి వీరుణ్ని’ అంటాడొకడు. ‘నాకు మంటల మంత్రాలు కావాలి’ అంటుంది ఒకమ్మాయి. ‘నేను చీకట్లో వెనక నుంచి పొడిచేవాణ్ని’ అని మూడోవాడు. అంతలో ఎవరో అడుగుతారు... ‘మరి గాయాలు ఎవరు మాన్పుతారు?’

అంతే, నిశ్శబ్దం! ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరికి ఆ పాత్ర ఆలస్యంగా వచ్చినవాడికో, కొత్తగా చేరినవాడికో, కాదనలేని మెతక మనిషికో అంటగడతారు. పెళ్లింట్లో అందరూ ఫొటోలకు వెళ్లిపోతే వంటవాళ్ల దగ్గర ఎవరో ఒకరు మిగిలిపోయినట్టు!

పుట్టుకలో వైద్యుడు కాదు

గాయాలు మాన్పే పాత్రల్లో అన్నింటికన్నా పాతది ‘క్లెరిక్’. దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి యోధుడన్నమాట. 1974 నాటి తొలి పుస్తకాల్లో ఉన్నవే మూడు రకాల పాత్రలు. యోధుడు, మాంత్రికుడు, క్లెరిక్. దొంగ కూడా ఆ మరుసటి ఏడాదే వచ్చాడు. అంటే సహాయక పాత్ర తరవాత అతికించింది కాదు, మొదటి రోజు నుంచీ ఉన్నదే.

ఆ పాత్ర పుట్టుక కథ తమాషాగా ఉంటుంది. ఆట అచ్చు కాకముందే ఆర్నెసన్ తన మిత్రులతో ‘బ్లాక్‌మూర్’ అనే ఊహాలోకంలో ఆడించేవాడు. అందులో ఒక ఆటగాడి పాత్ర రక్తపిశాచిగా మారింది. పేరు సర్ ఫాంగ్. రోజురోజుకీ బలం పెరిగి ఎవరికీ లొంగకుండా తయారైంది. ఆ పిశాచి ఆట కట్టించడానికే ఒక పూజారి పాత్రను దించారు. అప్పటి భయానక సినిమాల్లో శిలువ పట్టుకుని పిశాచాలను తరిమే వేటగాళ్లే దానికి నమూనా. అంటే క్లెరిక్ పుట్టింది పిశాచాలను వేటాడటానికి. కట్లు కట్టే పని తరవాత నెత్తిన పడింది!

పడ్డాక ఇక వదల్లేదు. తొలి నియమాల్లో మొదటి స్థాయి క్లెరిక్‌కు ఒక్క మంత్రమూ లేదు. రెండో స్థాయికి వచ్చాక ఒకటి. ‘క్యూర్ లైట్ వూండ్స్’ అనే మంత్రం వేస్తే తిరిగొచ్చే ప్రాణబలం రెండు నుంచి ఏడు పాయింట్లు. పైగా పదునైన ఆయుధం పట్టకూడదు. కత్తి లేదు, బాణం లేదు, గద పట్టుకోవాలి. అంతంతమాత్రం శక్తితో అందరి ప్రాణాలూ మోయాలి. ఎవరు మాత్రం ఎగబడి ముందుకొస్తారు?

లెక్క వేసి చూస్తే...

‘వాడు కొట్టడు, చంపడు. వాడి వల్ల ఏం లాభం?’ అనేవాళ్లకు జవాబు లెక్కల్లో ఉంది. 2014లో వచ్చిన అయిదో కూర్పు నియమాలతోనే చూద్దాం.

క్లెరిక్ దగ్గర ‘బ్లెస్’ అనే ఆశీర్వాద మంత్రం ఉంది. ఒకేసారి ముగ్గురికి వర్తిస్తుంది. వాళ్లు ఎప్పుడు దెబ్బ కొట్టినా ఇరవై ముఖాల పాచికతోపాటు నాలుగు ముఖాల పాచిక కూడా వేసి, రెండూ కలుపుకోవచ్చు. ‘ఒకటో రెండో పెరుగుతుంది, అదేం గొప్ప?’ అనిపిస్తుంది. కానీ చూడండి. శత్రువుకు దెబ్బ తగలాలంటే పదకొండు పడాలి అనుకుందాం. మామూలుగా అయితే రెండు దెబ్బలకు ఒకటి తగులుతుంది. ఆశీర్వాదం ఉంటే వందకు అరవై రెండున్నర. అయిదో స్థాయికి చేరిన యోధుల్లాంటివాళ్లు వంతుకు రెండేసి దెబ్బలు కొడతారు. అలాంటి ముగ్గురు నాలుగు వంతులు పోరాడితే మొత్తం ఇరవై నాలుగు దెబ్బలు. మామూలుగా అయితే సగటున పన్నెండు తగలాలి. ఆశీర్వాదంతో పదిహేను తగులుతాయి. ఆ మంత్రం కోసం క్లెరిక్ వదులుకున్నది తన గదతో కొట్టే ఒక్క దెబ్బ. అదీ తగిలేది సగం సార్లే. అరదెబ్బ పెట్టుబడి, మూడు దెబ్బల రాబడి!

తమాషా ఏమిటంటే, ఆ మూడు దెబ్బలూ యోధుల ఖాతాలోకే వెళ్తాయి. ‘భలే కొట్టావురా’ అని భుజం తట్టేది వాళ్లనే. దెబ్బ తగలడానికి కారణం కత్తి పట్టిన చెయ్యా, పక్కన పడిన చిన్న పాచికా అని ఎవరూ విడదీసి చూడరు. మరో సంగతి... ఆ మంత్రం నిలవాలంటే క్లెరిక్ ఏకాగ్రత చెదరకూడదు. దెబ్బ తగిలిన ప్రతిసారీ పాచిక వేసి ఏకాగ్రత నిలబెట్టుకోవాలి. తెలివైన శత్రువు అందరినీ వదిలేసి అతడి మీదికే వస్తాడు. సహాయక పాత్ర విలువ బాగా తెలిసింది ఎవరికయ్యా అంటే శత్రువుకే!

ఇంకోటి ‘హీలింగ్ వర్డ్’. ఇది అరవై అడుగుల దూరం నుంచి నోటిమాటతో వేసే వైద్యం. తిరిగొచ్చే ప్రాణబలం కొద్దిగానే ఉంటుంది. కానీ దాని అసలు విలువ వేరే చోట ఉంది. ఈ ఆటలో ప్రాణబలం సున్నాకు పడితే పాత్ర కూలిపోతుంది. ఇక తన వంతు వచ్చిన ప్రతిసారీ చావుబతుకుల పాచిక వేయాలి. పది గానీ ఆపైన గానీ పడితే ఒక మార్కు బతుకు వైపు. తగ్గితే ఒక మార్కు చావు వైపు. ఏదైనా మూడు మార్కులు ముందుగా పూర్తవ్వాలి. ఆ పాచిక వేస్తున్నంతసేపూ ఆ ఆటగాడికి వేరే పనేమీ ఉండదు. అలాంటి సమయంలో ఒక్కమాటతో రెండే రెండు పాయింట్లు వచ్చినా చాలు... పడిపోయినవాడు లేచి నిలబడతాడు, వెంటనే కత్తి తీస్తాడు. అంటే క్లెరిక్ తిరిగిచ్చింది రెండు పాయింట్లు కాదు, ఒక మనిషి వంతు మొత్తం.

మంత్రాలే అక్కర్లేదు. ఎవరైనా సరే తన వంతులో పక్కవాడికి చేయూతనివ్వచ్చు. అప్పుడా పక్కవాడు ఇరవై ముఖాల పాచికలు రెండు వేసి పెద్దది తీసుకుంటాడు. సగానికి సగం ఉన్న అవకాశం నూటికి డెబ్బై అయిదు అవుతుంది. అలాగని ప్రతిసారీ ఇదే గొప్ప అనుకుంటే పొరపాటే. అవతలివాడి దెబ్బ మీ దెబ్బకు రెండింతలకు మించి ఉంటేనే సాయం లాభం. లేదంటే మీరే కొట్టడం మేలు. మంచి సహాయకుడు ఎప్పుడూ వెనకే నిలబడడు. ఎప్పుడు వెనకుండాలో, ఎప్పుడు ముందుకు దూకాలో లెక్క తెలిసినవాడు.

జరగని చావుకు సాక్షులుండరు

రాక్షసుడి తల తెగితే అందరికీ కనబడుతుంది. ఆ రోజు స్నేహితుడు చనిపోకపోవడం ఎవరికి కనబడుతుంది? సహాయక పాత్రకు వచ్చిన చిక్కంతా ఇదే. అది చేసే పనిలో ఎక్కువ భాగం ‘జరగకుండా ఆపినది’. జరగనిదానికి సాక్షులుండరు. పప్పులో ఉప్పు సరిపోయినరోజు ఉప్పు ఊసే ఎవరూ ఎత్తరు. తగ్గినరోజే వంటవాడి పేరు వినబడుతుంది. బల్ల దగ్గరా అంతే. యోధుడు బతికితే అది యోధుడి గొప్ప. చనిపోతే ‘నువ్వేం చేస్తున్నావ్?’ అని క్లెరిక్ మీద విసుర్లు!

పెద్ద కథల్లోనూ ఇదే వరస. లక్ష్మణుడు పడిపోతే సంజీవని కోసం కొండనే మోసుకొచ్చిన హనుమంతుడు పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ మూలికను గుర్తుపట్టి, నూరి, లక్ష్మణుడి ముక్కు దగ్గర పెట్టి లేపిన సుషేణుడు ఎందరికి గుర్తున్నాడు? ఆయన లేకపోతే కొండ వచ్చినా ఫలితం ఉండేది కాదు.

తెలుగులో ‘వంతపాడటం’ అంటే తిట్టే. సొంత బుర్ర లేకుండా తలూపేవాడని అర్థం. కానీ అసలైన బుర్రకథ చూసినవాళ్లకు తెలుసు, వంతలంటే ఏమిటో. కథకుడికి అటొకరు ఇటొకరు. ఒకరు నవ్విస్తారు, మరొకరు లోకం తీరు మీద చురకలేస్తారు. కథకుడు ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తారు. జనం నీరసపడితే లేపుతారు. వాళ్లిద్దరినీ తీసేస్తే కథకుడు పదినిమిషాల్లో అలిసిపోతాడు.

ఈ ఆటలోనూ అచ్చంగా అలాంటి పాత్ర ఒకటుంది. పేరు ‘బార్డ్’. వీణలాంటి వాయిద్యం పట్టుకుని పాటతో, మాటతో ఇతరులకు ఊపునిచ్చే గాయకుడు. బార్డ్ తన వంతులో స్నేహితుడి చేతికి ఆరు ముఖాల పాచిక ఒకటి అదనంగా ఇస్తాడు. అవసరం పడినప్పుడు అతడు దాన్ని వేసుకుని తన అంకెకు కలుపుకొంటాడు. 2023లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్’ సినిమాలో కథానాయకుడు ఈ బార్డే. క్రిస్ పైన్ నటించిన ఆ పాత్ర చేతిలో వాయిద్యం తప్ప చెప్పుకోదగ్గ పోరు విద్య లేదు. కొట్లాటలన్నీ పక్కనున్న వీరవనిత చూసుకుంటుంది. ఆయన పనల్లా పథకాలు వేయడం, అవి చెడితే కొత్తవి వేయడం, చెదిరిపోయిన మనుషులను మళ్లీ ఒక్కచోటికి చేర్చడం!

నర్సు కాదు, నాయకుడు

ఎవరూ కోరని పాత్రను కోరదగినదిగా ఎలా మార్చాలి? ఆటను దిద్దుతూ వచ్చినవాళ్లు ఈ ప్రశ్నతో చాలాకాలమే కుస్తీపట్టారు. 1978 నాటి పుస్తకంలో క్లెరిక్‌కు మొదటి స్థాయి నుంచే మంత్రాలిచ్చారు. 2000లో వచ్చిన మూడో కూర్పులో ఇంకో అడుగు వేశారు. అప్పటిదాకా క్లెరిక్ పొద్దున్నే ఆ రోజుకు కావలసిన మంత్రాలు ఎంచుకోవాలి. ఎవరికి గాయమవుతుందో తెలీదు కాబట్టి అన్నీ వైద్య మంత్రాలే పెట్టుకునేవాడు. ఇక ఆ రోజంతా కట్లు కట్టే పనే. కొత్త నియమం వచ్చాక ఏ మంత్రం సిద్ధం చేసుకున్నా, అవసరమైతే దాన్ని అప్పటికప్పుడు వైద్యంగా మార్చుకోవచ్చు. దాంతో క్లెరిక్ కూడా తనకు నచ్చిన మంత్రాలు పెట్టుకోగలిగాడు.

2008 నాటి నాలుగో కూర్పు చేసిన పని మరీ ఆసక్తికరం. పాత్రలన్నింటినీ బాధ్యతలను బట్టి నాలుగు గుంపులు చేసింది. అడ్డుగా నిలిచేవాళ్లు, దెబ్బకొట్టేవాళ్లు, యుద్ధభూమిని అదుపులో పెట్టేవాళ్లు... నాలుగో గుంపు గాయాలు మాన్పి, అందరికీ బలమిచ్చేవాళ్లది. వాళ్లకు పెట్టిన పేరు ‘లీడర్’. సహాయకుడు అనలేదు, నాయకుడు అన్నారు! అందులో ‘వార్‌లార్డ్’ అనే కొత్త పాత్ర కూడా ఉంది. అతడికి మంత్రాలు రావు. ఒక్క అదిలింపుతో కూలబడిన స్నేహితుణ్ని లేపుతాడు. తను కొట్టాల్సిన దెబ్బను పక్కవాడి చేత కొట్టిస్తాడు. అదే కూర్పులో ఇంకో మార్పు... వైద్యం చేసినా క్లెరిక్ వంతు అయిపోదు. ఒక మాటతో గాయం మాన్పి, అదే వంతులో గద కూడా ఝళిపించవచ్చు. 2014 నాటి ‘హీలింగ్ వర్డ్’లోనూ ఈ పద్ధతి కొనసాగింది. 2024లో సవరించిన పుస్తకం ముఖ్యమైన వైద్య మంత్రాలకు ఒక పాచిక చోట రెండు పాచికలిచ్చింది.

ఈ మార్పులన్నింటి వెనకా ఉన్నది ఒకే గుర్తింపు. ఇతరుల కోసం పనిచేసేవాడికి కూడా తన వంతు అంటూ ఒకటి ఉండాలి. అది లేకపోతే ఎంత మంచివాడైనా కొన్నాళ్లకు విసిగిపోయి బల్ల దగ్గరికి రావడం మానేస్తాడు.

ఒక్క ‘వద్దు’ విలువ

అన్నిటినీ నియమాలే ఇవ్వలేవు. అందుకు 2017లో జరిగిన ఒక ఘటనే సాక్ష్యం.

అమెరికాలో కొందరు డబ్బింగ్ కళాకారులు స్నేహితులుగా ఆడుకునే ఆటను 2015 నుంచి ప్రేక్షకులకు చూపించడం మొదలుపెట్టారు. దాని పేరు ‘క్రిటికల్ రోల్’. సూత్రధారి మాథ్యూ మెర్సర్. అందులో స్కాన్లన్ అనే బార్డ్ పాత్ర శామ్ రీగెల్‌ది. పొట్టివాడు, అల్లరివాడు. ఎక్కువ భాగం నవ్వించడమే అతడి పని. మొదటి కథ ముగింపుకొచ్చింది. దేవుడి స్థాయికి చేరిన వెక్నా అనే దుష్టుడితో ఆఖరి పోరు. అప్పటికి ఆ బృందంలోని వాక్స్ అనే పాత్ర మృత్యుదేవతకు మాటిచ్చి ఉన్నాడు. వెక్నా పని ముగిశాక ఆమె వెంట వెళ్లిపోవాలి. ఆ పాత్ర వేసిన లియామ్ ఓబ్రియన్, శామ్‌కు ఎన్నో ఏళ్ల స్నేహితుడు.

స్కాన్లన్ దగ్గర అన్నింటికన్నా పెద్దదైన తొమ్మిదో స్థాయి మంత్రశక్తి ఒకే ఒక్కటి ఉంది. రోజుకు ఒక్కసారే వాడగలిగింది. దాన్ని శామ్ దాచుకుంటూ వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. దానితో వాక్స్‌ను మృత్యుదేవత నుంచి విడిపించాలన్నది అతడి ఆలోచన. పోరు మధ్యలో వెక్నా మంత్రం వేసి తప్పించుకోబోయాడు. వాడు పోతే అన్నీ పోయినట్టే. ఆపాలంటే ఎదుటివాడి మంత్రాన్ని రద్దుచేసే ‘కౌంటర్‌స్పెల్’ వేయాలి. తప్పకుండా ఫలించాలంటే ఆ తొమ్మిదో స్థాయి శక్తినే ఖర్చుపెట్టాలి.

స్కాన్లన్ ఖర్చుపెట్టేశాడు. వెక్నా కదల్లేకపోయాడు. బృందం గెలిచింది. వాక్స్ మాత్రం దక్కలేదు. ఆ శక్తిని ఎవరి కోసం దాచాడో శామ్ చెప్పినప్పుడు బల్ల చుట్టూ ఉన్నవాళ్ల కళ్లు చెమ్మగిల్లాయి.

ఒక్కసారి ఆలోచిస్తే, అతడు చేసింది ఏమిటి? దెబ్బ కొట్టలేదు. మంట రేపలేదు. శత్రువు చేయబోయిన పనిని జరగనివ్వలేదు, అంతే. ఒక ‘వద్దు’ అన్నాడు. దానికోసం తనకు అత్యంత ప్రియమైనదాన్ని వదులుకున్నాడు. అన్నేళ్ల ఆ కథలో అభిమానులు మళ్లీమళ్లీ చెప్పుకునే ఘట్టాల్లో అదొకటి. ఇక్కడ మాత్రం జరగనిదానికి కూడా సాక్షులున్నారు. ఎందుకంటే దాని ఖరీదు అందరికీ తెలిసింది.

బల్ల చుట్టూ పాటించాల్సినవి

మరి ఇంట్లో పిల్లలో, స్నేహితులో ఇలాంటి ఆటకు కూర్చుంటే ఏం చేయాలి? ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి మొదలుపెట్టడం కష్టమేం కాదు. కష్టమైనది కలిసి ఆడటమే.

మొదటిది, గాయాలు మాన్పే పాత్రను ఎవరికీ అంటగట్టకూడదు. చిన్నవాడనో, కొత్తవాడనో, ఆడపిల్ల కాబట్టి ఆమే చూసుకుంటుందనో అసలే వద్దు. ఎవరికీ ఇష్టం లేకపోతే ఆ పనిని అందరూ పంచుకోవచ్చు. గాయం మాన్పే మందుసీసాలు తలా ఒకటి దగ్గరుంచుకోవచ్చు. సూత్రధారి కూడా ఆ మేరకు శత్రువుల బలం తగ్గించవచ్చు. ఇష్టపడి తీసుకున్నవాడు చేసే సాయానికీ, తప్పక మోస్తున్నవాడి చాకిరీకీ ఎంతో తేడా.

రెండోది, చేసిన సాయాన్ని పైకి చెప్పాలి. ‘నీ ఆశీర్వాదపు పాచికలో మూడు పడింది, అది లేకపోతే నా దెబ్బ గురితప్పేదే’ అని యోధుడు ఒక్కమాట అంటే చాలు. ఖర్చేం లేదు. కానీ ఆ ఒక్కమాటతో క్లెరిక్ పనికి సాక్షి దొరుకుతాడు. కథ చెప్పే సూత్రధారికీ ఇందులో బాధ్యత ఉంది. రాక్షసుడి తల ఎలా తెగిందో పది వాక్యాల్లో వర్ణించే మనిషి, కూలిపోయినవాడు ఎలా కళ్లు తెరిచాడో కనీసం రెండు వాక్యాల్లోనైనా చెప్పాలి.

మూడోది సహాయకుడికే. వైద్యం చేతిలో ఉంది కదా అని పెత్తనం చేయకూడదు. ‘నా మాట వినకపోతే నీకు మందు వెయ్యను’ అన్నరోజే స్నేహం చెడుతుంది. అలాగే ఎంతసేపూ ఇతరుల ప్రాణబలం అంకెలు చూస్తూ కూర్చోవడమూ తగదు. పూజారికైనా ఒక ఊరుంటుంది, ఒక కోపం ఉంటుంది, తీర్చుకోవాల్సిన ఓ మొక్కు ఉంటుంది. ఆ కథా బల్ల మీదికి రావాలి. గద ఎత్తాల్సిన రోజు ఎత్తాలి కూడా. పిశాచిని తరమడానికి పుట్టిన పాత్ర కదా!

ఇక నేలమాళిగలోని ఆ పిల్లల దగ్గరికి వస్తే... పాచిక దొర్లిపోయిన గందరగోళంలో ఏం పడిందో కథ నడిపిస్తున్న కుర్రాడు చూడలేదు. ఇంటికి బయల్దేరేముందు విల్ అతడి దగ్గర ఆగి, పడింది ఏడే, రాక్షసుడికి చిక్కిపోయాను అని తనంతట తనే చెప్పాడు. దాచుకుంటే అతడికి తెలిసేది కాదు. అలాంటి పిల్లాడికి ఆ రోజు నిజంగా కావాల్సింది ఇంకాస్త పెద్ద నిప్పులముద్ద కాదు. తన వంతు వచ్చేవరకూ కాచుకుని, ముందుగానే ఓ రక్ష కట్టిపెట్టే స్నేహితుడు. ఈసారి ఎక్కడైనా బల్ల దగ్గర ‘గాయాలు ఎవరు మాన్పుతారు?’ అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎవరైనా ఇష్టంగా చెయ్యెత్తితే, మిగిలినవాళ్లు ఊపిరి పీల్చుకుని ఊరుకోకూడదు. లేచి చప్పట్లు కొట్టాలి!